బ్రాడీపేట మేడ మీద ఆదివారం క్లాసు: ఒక యూనివర్సిటీ గుమాస్తా రివ్యూ

నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు తగ్గించానో ఆ మెట్లు ఎక్కితే మీకే తెలుస్తుంది.

నేను యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సీనియర్ అసిస్టెంటుని, పద్దెనిమిదేళ్ల సర్వీసు. ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ అనవసరం, ఈ చుట్టుపక్కల బోలెడున్నాయి, అందులో ఒకటి. ఈ పద్దెనిమిదేళ్లలో ఆఫీసు పని నేర్పిస్తామని నన్ను పిలిచినవాళ్లు ఇద్దరే. ఒకరు విజయవాడలో స్టార్ హోటల్లో, ఇంకొకరు గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద. రెండోదాని గురించే ఈ రివ్యూ, కానీ మొదటిది చెప్పకపోతే రెండోదాని విలువ తెలియదు.

మా దగ్గర పాఠాలు చెప్పేవాళ్లకి ఓరియంటేషన్, రిఫ్రెషర్ అని కోర్సులుంటాయి. వాటిని నడిపే చోటుని ఒకప్పుడు అకడమిక్ స్టాఫ్ కాలేజీ అనేవాళ్లు, తర్వాత హెచ్‌ఆర్‌డీసీ అన్నారు, 2023 నుంచి మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్ అంటున్నారు. బోర్డు ఎన్నిసార్లు మార్చినా ఆ కోర్సులు వాళ్ల ప్రమోషన్లకి లెక్కలోకొస్తాయి కాబట్టి వాళ్లు వెళ్తారు, ఆఫీసు పంపిస్తుంది, మంచిదే. మరి మాకు? చేరిన రోజు పక్క సీట్లో ఉన్న అక్క ఒక పాత ఫైలు నా ముందు పడేసి "దీన్ని చూసి ఇలాగే పుటప్ చెయ్యమ్మా" అంది, అంటే నోటు రాసి పైఅధికారికి పెట్టమని, అదే ట్రైనింగ్. ఆ అక్కకి నేర్పిన ఆయన చేసిన తప్పులు అక్కకి వచ్చాయి, అక్క నుంచి నాకొచ్చాయి, నా నుంచి మా సెక్షన్లో డేటా ఎంట్రీ చేసే అవుట్‌సోర్సింగ్ పిల్లలకి వెళ్లాయి. వంశపారంపర్యం అన్నమాట.

ఇక హోటల్ సంగతి. రెండేళ్ల కిందట, రెండు రోజులు, మనిషికి 7,500, పైన 18 శాతం జీఎస్టీ, వెరసి 8,850 రూపాయలు ఆఫీసు కట్టింది. మా సూపరింటెండెంటు గారు వెళ్లాల్సింది, వాళ్లింట్లో పెళ్లి పడి నన్ను తోశారు. బెలూన్లు ఊదించారు. ఒకరి బెలూన్ ఇంకొకరు పగలగొట్టాలట, దాన్నుంచి టీమ్ వర్క్ నేర్చుకోవాలట. తర్వాత టైమ్ మేనేజ్‌మెంటు మీద నాలుగు గళ్ల బొమ్మ వేసి, అర్జంటు కానిదీ ముఖ్యం కానిదీ పక్కన పెట్టేయమన్నారు. నా పక్కన కూర్చున్న కాకినాడ ఆవిడ "పక్కన పెట్టేస్తే ఆర్టీఐ పడుతుంది కదండీ" అని అడిగితే ఆ ట్రైనర్ నవ్వి తర్వాత స్లైడుకి వెళ్లిపోయాడు. రెండు రోజుల్లో ఫైలు అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. గోంగూర మటన్ మాత్రం బ్రహ్మాండం, అబద్ధం చెప్పకూడదు. సర్టిఫికెట్లో నా ఇంటిపేరు తప్పు పడింది, సరిచేసి పంపుతామన్నారు, ఇంకా పంపుతూనే ఉన్నారు. సంస్థ పేరు రాయను, ఎందుకొచ్చిన గొడవ.

ఆ అనుభవంతో ట్రైనింగ్ అంటేనే విరక్తి పుట్టి, పక్క కాలేజీ రికార్డు అసిస్టెంటు ఒకతను ఈ ఆదివారం క్లాసు గురించి చెప్పినప్పుడు మూడు నెలలు పట్టించుకోలేదు. ఎనిమిది ఆదివారాలు, పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా, ఫీజు 3,500. అటెండర్లకీ, రికార్డు అసిస్టెంట్లకీ, ల్యాబు వాళ్లకీ సగమే. పదహారు సీట్లు. నడిపే మాస్టారు ఒక డిగ్రీ కాలేజీలో ఏవోగా, అంటే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుగా, రిటైరైన మనిషి. పేరు రాయనా అని అడిగితే "పెన్షనర్ని తల్లీ, నన్నిలా వదిలెయ్" అన్నారు, అందుకని రాయట్లేదు. సంస్థకి బోర్డు లేదు, గేటుకి ఒకప్పటి టైపు ఇన్‌స్టిట్యూట్ బోర్డే ఉంది, సగం అక్షరాలు రాలిపోయి. లోపల ఒక మూల ఇప్పటికీ మూడు రెమింగ్టన్ మిషన్లు గుడ్డ కప్పుకుని ఉన్నాయి.

నేను మంగళగిరి నుంచి వెళ్లేదాన్ని. ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి వచ్చాక ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొడుతున్నారు కాబట్టి రానుపోను ఖర్చు లేదు. నాన్‌స్టాప్‌కి అది వర్తించదు, ఒకసారి తొందరలో ఎక్కేసి డబ్బులు కట్టాను. ఆదివారం పొద్దున బస్సు ఖాళీగా ఉంటుంది, ఆ అరగంటలోనే హోంవర్కు చేసేదాన్ని. ఈ వయసులో హోంవర్కు ఏంటని మా అమ్మాయి ఒకటే నవ్వు.

మొదటి రోజు, ఫైల్లో మీరు రాసిన నోటు ఒకటి, పేర్లు కొట్టేసి, జిరాక్సు తీసి తెమ్మన్నారు. నేను నా నోట్లన్నింటిలో గొప్పదనుకున్నది పట్టుకెళ్లా. రీవాల్యుయేషన్ ఫీజు వెనక్కివ్వడం మీద నాలుగు పేజీలు, పదకొండు రిఫరెన్సులు, చివర "సబ్మిటెడ్ ఫర్ ఫేవర్ ఆఫ్ కైండ్ పెరూజల్ అండ్ నెసెసరీ ఆర్డర్స్". మాస్టారు అందరి ముందూ చదవమన్నారు. రెండో పేజీకి వచ్చేసరికి నాకే గొంతు తడారిపోయింది. ఆయన మధ్యలో ఒక్కసారీ ఆపలేదు, అంతా అయ్యాక "బాగుందమ్మా, ఇంతకీ ఆయన్ని ఏం చెయ్యమంటున్నావ్?" అన్నారు. నేను నోటు మళ్లీ తిరగేశా. ఎక్కడా లేదు. ఫీజు ఇవ్వమంటున్నానో వద్దంటున్నానో నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఆ ఫైలు నాలుగుసార్లు "ప్లీజ్ స్పీక్" అని, అంటే వచ్చి మాట్లాడమని, ఎందుకు వెనక్కొచ్చిందో, అధికారికి నా మీద ఏదో ఉందని నేను అన్నాళ్లూ ఎందుకు అనుకున్నానో అప్పుడు తెలిసింది.

ఆయన నేర్పిన పద్ధతి వినడానికి ఏమీ లేదు. విషయం ఏమిటి, నిబంధన ఏం చెబుతోంది, ఇంతకుముందు ఇలాంటి కేసులో ఏం చేశాం, డబ్బు ఎంత, ఏ పద్దులోంచి, ఇప్పుడు ఏం చెయ్యాలి. అంతే. ఆఖరిది ముందు రాసుకోమంటారు. దేని మీద ఆధారపడి చెబుతున్నామో ఆ కాగితానికి ఫ్లాగ్ (గుర్తు చీటీ) పెట్టి, ఆ పేజీ నంబరు నోటు పక్కన మార్జిన్లో వేయమంటారు. అధికారికి వెతుక్కునే పని పెట్టావంటే ఫైలు ఆయన టేబులు మీదే పడుకుంటుంది అంటారు. రెండు వారాలు ఇదే తోమారు. ఒక్కో నోటు మూడుసార్లు తిరగరాయించారు, ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చేవారు, నాకు ఏడో తరగతిలో కూడా అన్ని ఎర్రగీతలు పడలేదు. ఫైలు మూసేటప్పుడు ఏ డిస్పోజల్ (ఎన్నాళ్లు దాచాలో చెప్పే గుర్తు) వేయాలో కూడా ఇందులోనే చెప్పారు. ఆర్.డిస్ వేస్తే శాశ్వతంగా ఉంచాలి, ఎల్.డిస్ వేస్తే ఏడాది చాలు. మేమేమో భయంకొద్దీ అన్నింటికీ ఆర్.డిస్ వేసి బీరువాలు నింపుకున్నాం, చెదలు వాటి పని అవి చేసుకుంటున్నాయి.

మూడో వారం సమాచార హక్కు. మా సెక్షన్‌కి బాగా పనికొచ్చిన క్లాసు ఇదే. దరఖాస్తు వస్తే 30 రోజుల్లో జవాబివ్వాలని అందరికీ తెలుసు. కానీ మనది కాని విషయమైతే 5 రోజుల్లోగా సంబంధిత ఆఫీసుకి బదిలీ చెయ్యాలి గానీ "మాకు సంబంధం లేదు" అని తిప్పి పంపకూడదని నాకు తెలియదు, ఎన్నింటికి అలా రాశానో లెక్కలేదు. ఇంకోటి, పరీక్ష రాసిన పిల్లవాడు తన జవాబు పత్రం కాపీ అడిగితే "గోప్యం" అని రాసి పడేయడం మా దగ్గర పాత అలవాటు. 2011లోనే సుప్రీంకోర్టు, సీబీఎస్ఈ మీద వచ్చిన ఆదిత్య బందోపాధ్యాయ కేసులో, దిద్దిన పేపరు ఆ విద్యార్థికి చూపించాల్సిందే అని చెప్పేసింది. దిద్దినవాళ్ల పేరు, సంతకం కనపడకుండా చేసి ఇవ్వాలి, పేపర్లు నియమం ప్రకారం భద్రపరిచే గడువు లోపలే ఆ హక్కు ఉంటుంది. మాస్టారు ఈ రెండు షరతులూ బోర్డు మీద రాసి, వాటి కింద ఒక నమూనా జవాబు మాతోనే రాయించారు. ఆ నమూనా ఇప్పుడు మా సెక్షన్లో అద్దం కింద ఉంది. అంతకుముందు అక్కడ తిరుపతి వెంకన్న ఫోటో ఉండేది, ఆయన్ని కొంచెం పక్కకి జరిపాం.

ఎక్సెల్ రెండు వారాలు. దీనికి మాస్టారు కాదు, ఆయన మేనకోడలు వచ్చి చెప్పింది, విజయవాడలో ఆడిటర్ ఆఫీసులో చేస్తుందట. పిల్ల చురుకైనది గానీ మాట మరీ వేగం, వెనక బెంచీవాళ్లు "అమ్మా ఇంకోసారి" అంటూనే ఉన్నారు. అయినా ఆమె చెప్పిన ఒక్క ముక్కతో నా 3,500 వచ్చేశాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే సంఖ్యని గుర్తుంచుకుంటుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబరు మామూలుగా కొడితే ఆఖరి అంకె చప్పుడు కాకుండా సున్నా అయిపోతుంది. పేపర్లు దిద్దినవాళ్లకి రెమ్యూనరేషన్ వేసే బిల్లులో ప్రతి సెమిస్టరూ నలుగురైదుగురికి డబ్బు తిరిగొచ్చేది, మేము బ్యాంకు వాళ్లని తిట్టుకునేవాళ్లం, వాళ్లు మమ్మల్ని. నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరుసని టెక్స్ట్ చెయ్యాలి, అంతే పని. ముందు సున్నా ఉన్న హాల్‌టికెట్ నంబర్లకీ అదే మందు. ఒక పట్టికలోని వివరాన్ని వెతికి ఇంకో పట్టికలోకి తెచ్చే వీలుకప్ ఫార్ములా వేసేటప్పుడు చివర ఫాల్స్ అని పెట్టకపోతే అచ్చంగా సరిపోయేది దొరక్కపోయినా దగ్గరలో ఉన్నదేదో తెచ్చి అంటిస్తుంది అని కూడా చెప్పింది. అంటే ఒకరి మార్కులు ఇంకొకరికి. అది విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సోమవారం పొద్దున్నే వెళ్లి పాత షీట్లన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసుకున్నా. దేవుడి దయ, మేము అప్పటిదాకా వీలుకప్ వాడనే లేదు, అన్నీ చేత్తోనే కొట్టాం.

తెలుగు టైపు ఒక వారం. నేను పాతకాలం అను తెలుగు ఫాంట్లలో పుట్టి పెరిగినదాన్ని, కళ్లు మూసుకుని కొడతాను. కానీ అందులో కొట్టిన నోటిఫికేషన్ వెబ్‌సైట్లో పెడితే పిచ్చి గీతలొస్తాయి, వాట్సాప్‌లో పెట్టినా అంతే, వెతికితే దొరకదు, చివరికి ప్రింటు తీసి స్కాన్ చేసి బొమ్మగా పెడతాం. ఎక్కడ తెరిచినా ఒకేలా కనపడే యూనికోడ్‌కి మారండి, కంప్యూటర్లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎలాగూ ఉంటుంది అంటారు మాస్టారు. ఎడమ చేతి వైపు అచ్చులూ గుణింతాలూ, కుడి చేతి వైపు హల్లులు, డి మీట నొక్కితే పొల్లు, దాంతోనే ఒత్తులు. వినడానికి తేలికే, నా వేళ్లు మాత్రం ఇరవయ్యేళ్ల కాపురం వదిలి రానంటున్నాయి. ఇప్పటికీ నెమ్మదిగానే కొడుతున్నా. ఇది ఒక్క వారంలో అయ్యే పని కాదు, ఆ మాట ఫీజు తీసుకునేటప్పుడే చెప్పాలి.

పిల్లల పేర్ల గొడవ మీద ఒక గంట మాట్లాడారు, అది ఇంకా పొడిగించి ఉంటే బాగుండేది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, లేదా వెనకుంటుంది. ప్రతి విద్యార్థికీ ఇచ్చే అపార్ ఐడీ నంబరు దగ్గర అది కలవదు, చదివిన కోర్సుల క్రెడిట్లు డిజిలాకర్లో కనపడవు, ఆ పిల్లవాడు వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని మా కౌంటర్ ముందుకొస్తాడు. అడ్మిషన్ రోజే మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి సరిచూసి, తేడా ఉంటే అప్పుడే రాతపూర్వకంగా చెప్పి పంపమన్నారు. ఇంత చిన్న విషయానికి ట్రైనింగా అంటారేమో, మూడేళ్ల తర్వాత ఆ కౌంటర్లో కూర్చుని చూడండి.

నాకు అన్నింటికంటే నచ్చింది మాత్రం ఆరో వారం. ఆ రోజు మమ్మల్నీ, అటెండర్లనీ, ల్యాబు వాళ్లనీ విడదీయకుండా ఒకే గదిలో కూర్చోబెట్టారు. రిటైరైన కెమిస్ట్రీ ల్యాబు ఆయన ఒకరొచ్చి, నీళ్లలో యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లో నీళ్లు పొయ్యకూడదు అని మొదలుపెట్టి, సీసాల మీద లేబులు ఊడిపోతే ఏం చెయ్యాలి, కంట్లో పడితే ముందు ఎంతసేపు నీళ్లతో కడగాలి అని చెబుతుంటే, ముప్పయ్యేళ్ల సర్వీసున్న ఒక ల్యాబు అటెండరు బాబాయి మెల్లగా చొక్కా చెయ్యి పైకి మడిచి మచ్చ చూపించాడు. "నాకెవరూ చెప్పలేదండీ" అన్నాడు, ఫిర్యాదులా కూడా కాదు, మామూలుగా. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అదే బాబాయి ఫోన్‌తో కాగితాలు నీడ పడకుండా స్కాన్ చేసి పీడీఎఫ్ చెయ్యడం మాకంటే ముందు నేర్చేసుకుని, టీ బ్రేకులో మాస్టారు పెన్షన్ పుస్తకం స్కాన్ చేసి ఆయనకే పంపాడు.

అకౌంట్స్ టెస్టు కోసం అడిగేవాళ్లకి: ఉద్యోగులు రాసే ఏపీపీఎస్సీ డిపార్ట్‌మెంటల్ టెస్టులకి ఇది కోచింగ్ కాదు. ఒక పూట మాత్రం, పుస్తకాలు చూసి రాసే పేపర్లో ఏ పుస్తకంలో ఎక్కడ ఏముందో రంగు కాగితాలు అంటించుకోవడం చూపించారు. పుస్తకం ఉంది కదా అని ధీమాగా వెళ్లి, పేజీ దొరక్క మూడుసార్లు పోగొట్టుకున్నవాళ్లు మా బ్యాచ్‌లోనే ఇద్దరున్నారు. కంప్యూటర్ అసలు రానివాళ్లు ముందు కేంద్రప్రభుత్వ సంస్థ నీలిట్ వాళ్ల సీసీసీ అనే కంప్యూటర్ ప్రాథమిక కోర్సు చేసి రావడం మంచిది, 80 గంటల కోర్సు, పరీక్ష ఫీజు 500 ప్లస్ జీఎస్టీ. దాని సర్టిఫికెట్‌కి విలువుంది.

ఎందుకంటే ఇక్కడిచ్చే సర్టిఫికెట్‌కి ఏ విలువా లేదు. ఆ మాట మాస్టారే చెబుతారు. మొదటి లోపం అది. రెండోది ఆ మెట్లు, ఇరుకు, నిటారు, కమ్మీ ఊగుతుంది, మోకాళ్ల నొప్పులున్న మా సెక్షన్ అక్కని నేను పంపలేను. రెండు ఏసీల్లో ఒకటి శబ్దానికే ఉంది, మే నెల బ్యాచ్‌లో మాత్రం చేరకండి, గుంటూరు ఎండ సంగతి మీకు చెప్పాలా. కంప్యూటర్లు ఆరే, ఇద్దరు ముగ్గురు ఒకదాని ముందు కూర్చోవాలి, సొంత ల్యాప్‌టాప్ ఉంటే తెచ్చుకోండి. ఫైళ్లు కంప్యూటర్లోనే నడిపే ఈ-ఆఫీసు చూపిస్తామన్నారు, కానీ దానికి లాగిన్ కావాలి కదా, బయటివాళ్లకి ఎక్కడిది, చివరికి ప్రింటు తీసిన బొమ్మలు చూపించారు, ఈత పుస్తకంలో నేర్చుకున్నట్టుంది. ఇంగ్లిష్ డ్రాఫ్టింగ్ ఆయన కాలం నాటిది, "ఐ యామ్ డైరెక్టెడ్ టు" దగ్గరే ఆగిపోయింది. ఎనిమిదో క్లాసు ముహూర్తాల రోజు పెట్టడంతో సగం మంది రాలేదు, అది రెండు ముక్కలైంది. వాట్సాప్ గ్రూపులో శుభోదయాలు ఆపండని మూడుసార్లు మొత్తుకున్నా ఆగలేదు.

టీ మాత్రం పదకొండున్నరకి ఠంచనుగా వస్తుంది, పక్కన మిర్చి బజ్జీ. ఫీజులోనే.

ఇక ఆఫీసులో ఏమైందంటే, ఫీజు రీయింబర్స్ చెయ్యమని నేనొక నోటు పెట్టా. మాస్టారి పద్ధతిలోనే, ఒకటే పేజీ, ఏం చెయ్యాలో ముందు రాసుకుని, రెండు ఫ్లాగులు, హోటల్ ట్రైనింగ్‌కి అప్పట్లో 8,850 కట్టిన కాగితం ఒక ఫ్లాగు. మా సూపరింటెండెంటు గారు చదివి "ఇంత పొట్టిగా ఉందేంటమ్మా, ఇంకో రెండు పేరాలు కలపకూడదూ" అన్నారు. కలపలేదు. రెండు రోజుల్లో ఫైలు తిరిగొచ్చింది, పైన ఆకుపచ్చ ఇంకుతో "ప్లీజ్ స్పీక్".

గుండెలో రాయి పడ్డట్టయింది. మళ్లీ ఎక్కడ తప్పు రాశానా అని నోటు మూడుసార్లు చదువుకుని లోపలికెళ్లా. అధికారి తలెత్తకుండానే "మంజూరు చేస్తున్నా, అందుకు కాదు పిలిచింది. తర్వాత బ్యాచ్ ఎప్పుడు? మా పీఏని పంపాలి, ఆయన నోట్లు చదవలేక చస్తున్నా" అన్నారు.

తర్వాత బ్యాచ్ దసరా సెలవులయ్యాక వచ్చే ఆదివారం. ఇప్పటికే పదకొండు సీట్లు నిండాయట.